కైంకర్యం ఎవరికి?

(చెన్నైలో తెలుగు భాషాభిమానుల సభలో చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ, 'తెలుగు భాషకు కైంకర్యం చేసినవాడు' అని ఒక మాట అన్నారు. ఆ మాటకు ఆయన మనసులో ఉన్న అర్థమేదో నాకు తెలుసు కనుక చేతులు జోడించి స్వీకరిస్తున్నాను. అయితే అదే వాక్యంలో ఒక్క విభక్తి ప్రత్యయాన్ని మార్చి 'తెలుగు భాషను కైంకర్యం చేసినవాడు' అని ఉంటే, అది ప్రశంస కాక నింద అయ్యేది. 'కు' ఉన్నచోట 'ను' వచ్చినంత మాత్రాన సేవకుడు దొంగ అయిపోతున్నాడు. ఇది ఎలా జరిగింది, దీన్ని ఇలాగే సాగనివ్వడం మంచిదేనా అన్నవే ఈ సాయంత్రం నేను మీ ముందు విచారించదలచుకున్న ప్రశ్నలు.

నేను ఈ ఊళ్ళోనే తిరువల్లికేణిలో, పార్థసారథి స్వామి సన్నిధికి దగ్గర వీధిలో పెరిగినవాణ్ణి. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఒక తెలుగు పత్రికలో ఉపసంపాదకుడిగా పనిచేశాను. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరంలోనే ఒక రాత్రి, ఏదో ఊరి దేవాలయం సొమ్ము లెక్కల్లో తేడా వచ్చిందన్న వార్త నా బల్ల మీదికి వచ్చింది. శీర్షికకు ఇచ్చిన చోటు ఒక్క కాలమ్. 'దుర్వినియోగం' అని రాస్తే మాట రెండో వరుసలోకి పోతున్నది. 'అపహరణ' అంటే నేరం రుజువైనట్టు ఉంటుందేమోనన్న సంకోచం. మూడే అక్షరాల 'కైంకర్యం' అక్కడ చక్కగా అమరింది. 'ఆలయ నిధులు కైంకర్యం' అని పెట్టి, పని పూర్తయిందన్న తృప్తితో ఇంటికి వెళ్ళాను.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. తెలుగు వైష్ణవులు. రోజూ తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, నుదుట తిరుమణ్ నామం పెట్టుకుని, అరుగు మీద కూర్చుని స్వామికి తులసిమాల కట్టేవారు. కూలి లేదు, సన్నిధిలో ఉద్యోగమూ కాదు. మరునాడు ఉదయం నేను ఆ దారిన పోతుంటే పిలిచి, ఒళ్ళో ఉన్న పత్రికను చూపించి, 'నాయనా, కైంకర్యం చేసినవాళ్ళ మీద కేసు పెట్టారని రాశారే, అదేమిటి?' అని అడిగారు. ఆయన నన్ను దెప్పడానికి అడగలేదు. నిజంగా అర్థం కాకనే అడిగారు. ఆయనకు తెలుగు బాగా వచ్చు. కానీ ఆయన మాట్లాడే తెలుగులో ఆ మాటకు ఒక్కటే అర్థం, నలభై ఏళ్ళుగా తన చేతులు చేస్తున్న పని. 'అది వేరే అర్థం, స్వామీ' అన్నాను. 'వేరే అర్థమంటే?' అన్నారు. నేను చెప్పలేకపోయాను. ఆనాడు చెప్పలేకపోయినదాన్ని ఇప్పుడు కొంచెం క్రమంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా మాట పుట్టుక చూద్దాం. 'కింకర' శబ్దం నుంచి కైంకర్యం వచ్చింది. ధీరుడి భావం ధైర్యం, స్థిరుడి భావం స్థైర్యం, దీనుడి స్థితి దైన్యం అయినట్టే, కింకరుడి భావమూ కింకరుడి పనీ కైంకర్యం. మరి కింకరుడంటే ఎవరు? పాణిని మూడో అధ్యాయం రెండో పాదంలో, 'కృ' ధాతువుకు ముందు చేరే పదాలను ఒక పొడుగాటి సూత్రంలో వరుసగా చెప్పాడు. దివాకరుడు, విభాకరుడు, నిశాకరుడు, ప్రభాకరుడు, భాస్కరుడు అన్న మాటలన్నీ ఆ సూత్రం వల్ల సిద్ధించేవే. ఆ వరుసలోనే, 'లిపి' అన్న పదానికి ముందు, 'కిం' అన్న ప్రశ్నార్థకం కూడా ఉంది. పగటిని చేసేవాడు దివాకరుడు, రాత్రిని చేసేవాడు నిశాకరుడు. మరి 'ఏమి'ని చేసేవాడెవడు? 'ఏమి చేయమంటారు?' అని యజమాని ముందు నిలబడి అడిగేవాడని పెద్దలు చెబుతారు. అమరసింహుడు తన అమరకోశంలో సేవకుడి పర్యాయపదాలు చెబుతూ 'నియోజ్య కింకర ప్రేష్య భుజిష్య పరిచారకాః' అని ఈ మాటను వాటిలో చేర్చాడు. సూర్యచంద్రుల పేర్లు పుట్టిన సూత్రంలోనే సేవకుడి పేరూ పుట్టడం నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇంకొక విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మనం 'కింకర్తవ్యతా విమూఢుడు' అని ఒక మాట వాడుతూ ఉంటాం. అందులోనూ ఉన్నది ఆ 'కిం' శబ్దమే. కానీ అతడు 'ఏమి చేయాలి?' అని తనను తానే ప్రశ్నించుకుని, జవాబు తోచక నిలిచిపోయినవాడు. కింకరుడు ఆ ప్రశ్నను ఎదుటివారికి అప్పగించినవాడు. కనుక కింకరుడన్న మాటలోనే ఇద్దరు ఉన్నారు, అడిగేవాడొకడు, చెప్పేవాడొకడు. ఆ రెండోవాడు లేకపోతే ఈ మాటకు ఆధారమే లేదు.

అయితే కింకరుడన్నంత మాత్రాన పుణ్యాత్ముడని కాదు. సుందరకాండలో హనుమంతుణ్ణి పట్టుకొమ్మని రావణుడు పంపిన ఎనభై వేలమంది పేరు కింకరులే. మన జానపద కథల్లో ప్రాణాలు పట్టుకుపోయేవాళ్ళు యమకింకరులే. ఎవరు చెప్పింది చేస్తున్నాడన్నదాన్ని బట్టే కింకరుడి మంచిచెడ్డలు ఏర్పడతాయి. అందుకే శ్రీవైష్ణవ సంప్రదాయం ఈ మాటను అందుకున్నప్పుడు, 'ఎవరికి?' అన్న ప్రశ్నకు జవాబును ముందుగా స్థిరపరచి, ఆ తర్వాతనే మాటకు అంత ఎత్తైన పీఠం వేసింది. అరణ్యానికి బయలుదేరుతూ లక్ష్మణుడు అన్నతో 'అహం సర్వం కరిష్యామి జాగ్రతః స్వపతశ్చ తే' అన్నాడు. నువ్వు మేలుకుని ఉన్నా నిద్రపోతున్నా అన్నీ నేను చేస్తాను అన్నాడు. కైంకర్యానికి ఉదాహరణ అడిగితే సంప్రదాయజ్ఞులు మొదట చెప్పేది ఈ మాటే.

రామానుజులకు ముందుతరంవారైన యామునాచార్యులు తమ స్తోత్రంలో 'కదాహమైకాంతిక నిత్యకింకరః ప్రహర్షయిష్యామి సనాథజీవితః' అని ప్రార్థించారు. ఇక్కడ క్రియాపదాన్ని జాగ్రత్తగా చూడవలసిందని మీకు మనవి. 'నేను ఎప్పుడు సంతోషిస్తాను' అని ఆయన అడగలేదు. 'ప్రహర్షయిష్యామి' అన్నది ప్రేరణార్థకం. 'నిన్ను ఎప్పుడు సంతోషింపజేస్తాను' అని దాని అర్థం. నీకు నిత్యకింకరుణ్ణయి, నాథుడు కలిగిన బతుకు బతుకుతూ, నిన్ను సంతోషపెట్టేది ఎప్పుడని అడుగుతున్నారు. చేసేవాడికి కలిగే ఆనందం కూడా ఎదుటివాడి ఆనందానికి తోకగా వచ్చేదే తప్ప వేరే ఏమీ లేదు. ఆళ్వారులన్న తమిళ వైష్ణవ భక్తకవుల్లో ఒకరైన నమ్మాళ్వారు తిరువేంకటాచలపతిని ఉద్దేశించి చెప్పిన పాశురం, అంటే తమిళ పద్యం, మీలో చాలామందికి కంఠతా వచ్చు. 'ఒళివిల్ కాలమెల్లాం ఉడనాయ్ మన్ని వళువిలా అడిమై శెయ్యవేండుం నాం.' ఎడతెగని కాలమంతా వెన్నంటి ఉండి, లోపం లేని ఊడిగం చేయాలి మనం అని. సంస్కృతంలో కైంకర్యమన్నదే తమిళంలో అడిమై, తెలుగులో ఊడిగం. ఆ పాశురం పాడింది ఏ కొండమీది స్వామి గురించో ఆ కొండ తెలుగువారి నేల మీదే ఉంది. ఆ కొండ కింద అచ్చయ్యే తెలుగులోనే ఈ మాట దొంగతనానికి పేరు కావడం, ఈ ఊళ్ళో తమిళుల మధ్య బతికే నాకు మరింత కష్టంగా తోస్తుంది. ఎందుకంటే ఇక్కడ పక్కింటివారు ఆ మాటను పలికినప్పుడు దానిలో భక్తి తప్ప మరొకటి వినపడదు.

చాకిరీకి జీతం ఉంటుంది. వెట్టికి బలవంతం ఉంటుంది. కైంకర్యానికి ఈ రెండూ లేవు. మన వైష్ణవుల వాడుకలో 'పెరుమాళ్ళను సేవించుకున్నాం' అంటే దర్శనం చేసుకున్నామని అర్థం. చూడటానికి సేవ అన్న పేరు వచ్చిన తర్వాత కూడా, ఒళ్ళు వంచి చేసే పనికి కైంకర్యం అన్న పేరే నిలిచింది. నీళ్ళు మోయడం, పూలు కోయడం, మాల కట్టడం, దివిటీ పట్టడం, ఆళ్వారుల ప్రబంధం చదవడం, ముంగిలి ఊడవడం ఇవన్నీ కైంకర్యాలే. రామానుజులకు మేనమామ అయిన తిరుమలనంబి స్వామి అభిషేకానికి దూరం నుంచి తీర్థం మోసుకువచ్చేవారని చెబుతారు. ప్రతి ఏటా తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు ముందు, మన జార్జిటౌన్ చెన్నకేశవ పెరుమాళ్ కోయిల నుంచి గొడుగులు ఊరేగింపుగా కొండకు బయలుదేరతాయి. తిరుక్కుడై, అంటే ఆ గొడుగుల ఊరేగింపు, వస్తున్నదంటే యానైకవుని దారిలో జనం ఎలా నిలబడతారో మీరు చూసినవారే. గొడుగు మోసినవాడికి అందులో నీడ లేదు. నీడ స్వామిది.

అనంతాళ్వారుల కథ ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మాటలో ఉన్న ఒక గడుసుతనం ఆ కథలోనే నాకు అర్థమైంది. తిరుమల కొండ మీద చలిలో ఉండి స్వామికి పూలతోట పెంచేవారెవరని రామానుజులు అడిగితే, నేనున్నానని లేచినవారు ఆయన. భార్యతో కలిసి కొండకు వెళ్ళి, తోటకు నీళ్ళ కోసం చెరువు తవ్వడం మొదలుపెట్టారు. ఆయన తవ్వడం, నిండు గర్భిణి అయిన ఆమె తట్టలతో మట్టి మోయడం. ఒక పిల్లవాడు వచ్చి, నేను కూడా ఒక తట్ట మోస్తానన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. పిల్లవాడు ఆయన కన్ను కప్పి ఆమెకు సాయం చేశాడు. అది తెలిసి ఆయన చేతిలోని గునపం విసిరితే పిల్లవాడి గడ్డానికి తగిలింది. తర్వాత సన్నిధిలో చూస్తే స్వామి గడ్డం నుంచి నెత్తురు కారుతున్నదట. అక్కడ పచ్చకర్పూరం పెట్టారట. ఆ గునపం మహాద్వారం దగ్గర గోడకు ఉండటం మీలో కొండకు వెళ్ళినవారందరూ చూసే ఉంటారు. ఈ కథలో నన్ను కదిలించేది స్వామి మహిమ కాదు, అనంతాళ్వారుల పట్టుదల. ఒక్క తట్ట మట్టిని కూడా ఆయన ఇంకొకరికి వదలలేదు. ఎవరికీ వాటా ఇవ్వనన్న మనిషి ఆయన. అయితే ఆయన వాటా ఇవ్వనన్నది బరువులో. నిధుల్ని దిగమింగినవాడూ ఎవరికీ వాటా ఇవ్వడు, కానీ వాడు దాచుకునేది ఫలాన్ని. ఇద్దరినీ ఒకే మాటతో పిలుస్తున్నాం మనం.

తిరుమలను పుష్పమండపం అంటారు. కొండ మీద పూసిన ప్రతి పువ్వూ స్వామిదేనన్న నియమం వల్ల అక్కడికి వెళ్ళిన ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. స్వామికి అలంకరించి తీసిన పూలను కూడా పంచుకోకుండా పూలబావిలో వేసే ఆచారం ఉండేది. మాలలు కట్టే చోటుకు యామునాచార్యుల పేరిట యామునోత్తర అని పేరు. రోజూ బుట్టలకొద్దీ పూలు చేతుల మీదుగా పోతున్నా ఒక్క రేకును తనకని ఉంచుకోకపోవడం పుష్పకైంకర్యం. లక్షల రూపాయలు చేతుల మీదుగా పోతున్నప్పుడు వాటిని తనకు ఉంచుకోవడం నిధుల కైంకర్యం. ఈ రెండు వార్తలూ ఒకే రోజున, ఒకే పత్రికలో, ఎదురెదురు పుటల్లో రావడం నేను ఉద్యోగంలో ఉండగా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఇక ఈ తలకిందులు ఎలా జరిగిందో చూద్దాం. నా ఆలోచన ఇది. 'స్వామికి కైంకర్యం చేశాడు' అన్నది మూలవాక్యం. ఇందులో 'స్వామికి' అన్నది తప్పనిసరి. పని ఏదో చెప్పవలసి వచ్చినప్పుడు 'స్వామికి పుష్పకైంకర్యం చేశాడు' అన్నాం. అది కొంచెం సడలి, 'స్వామికి పూలు కైంకర్యం చేశాడు' అయింది; అంటే సమర్పించాడని. ఇంతవరకు దోషం లేదు. కానీ సమర్పణ అన్న అర్థం రాగానే, సమర్పించే వస్తువు ద్వితీయావిభక్తిలోకి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత నైవేద్యం ఉంది. స్వామికి కైంకర్యమైన లడ్డూ చివరకు మన నోట్లోకే వస్తుంది కనుక, 'లడ్డూలన్నీ కైంకర్యం చేసేశావా?' అని పిల్లల్ని ముద్దుగా అడగడం మొదలైంది. ఇక్కడే 'స్వామికి' అన్న మాట వాక్యంలోంచి జారిపోయింది. దేవుడి స్థానంలోకి కడుపు వచ్చింది. లడ్డూల చోట బియ్యం బస్తాలు, బస్తాల చోట పింఛను సొమ్ము, సొమ్ము చోట సహకార సంఘం మూలధనం వచ్చాయి. 'ఎవరికి' అన్నది పోయి 'దేన్ని' అన్నది మిగిలింది. ఎక్కడ కైంకర్యమన్న మాట కనిపించినా 'ఎవరికి?' అని ఒక్కసారి అడిగి చూడండి. జవాబు వాక్యంలో ఉంటే మాట తన చోట ఉన్నట్టు. 'నిధులు కైంకర్యం' అన్న శీర్షికను 'ఎవరికి?' అని అడిగితే అది జవాబు చెప్పలేదు.

మన అలంకారికులకు ఇలాంటి ప్రయోగం తెలియనిది కాదు. మాట తన అసలు అర్థాన్ని వదిలి దానికి సంబంధించిన మరొక అర్థాన్ని ఇస్తే దాన్ని లక్షణ అన్నారు; సరిగ్గా ఎదురు అర్థాన్ని ఇస్తే దానికి విపరీత లక్షణ అని పేరు పెట్టారు. కీడు చేసినవాణ్ణి చూసి 'ఎంత ఉపకారం చేశావయ్యా!' అనడం మమ్మటుడు కావ్యప్రకాశంలో చూపిన ఉదాహరణ. ముఖ్యార్థం పొసగకపోవడం, దానితో ఏదో ఒక సంబంధం ఉండటం, రూఢి గానీ ప్రయోజనం గానీ ఉండటం, ఈ మూడూ ఉంటేనే లక్షణ. దేవుడి సొమ్ము తిన్న ధర్మకర్తను చూసి ఊరి పెద్ద ఒకడు 'బాగా కైంకర్యం చేశాడయ్యా స్వామికి' అని ఉంటాడు. ఆ మాటలో ఎంత బాధ ఉంది! చేయవలసింది కైంకర్యం, చేసింది దొంగతనం అన్న రెండు సంగతులూ వినేవాడికి ఒకేసారి తగులుతాయి. ఆ ప్రయోగంలో తప్పు లేదు సరికదా, గొప్ప శక్తి ఉంది. ఆ శక్తి అంతా ముఖ్యార్థం వినేవాడి మనసులో మెలకువగా ఉండటం వల్ల వచ్చింది. 'యోగాద్రూఢిర్బలీయసీ' అని శాస్త్రం చెబుతుంది. వ్యుత్పత్తి కంటే వాడుక బలమైనదని. ఈ మాట విషయంలో జరిగింది అదే. ఎత్తిపొడుపుగా పుట్టిన అర్థం రూఢి అయిపోయి, ఇప్పుడు రాసేవాడికి తాను ఎత్తిపొడుస్తున్నానన్న స్పృహ లేదు. ఆ రాత్రి నాకూ లేదు. నేను ఎవరినీ ఎత్తిపొడవలేదు. ఒక కాలమ్ వెడల్పుకు సరిపోయే మాట వెతికానంతే.

ఆ ఎత్తిపొడుపు పుట్టడానికి కారణాలు మాత్రం గాలిలోంచి రాలేదు. ఈ నగరంలోని కోటలో కూర్చుని పరిపాలించిన మద్రాసు ప్రభుత్వం 1817లో దేవాదాయ ధర్మాదాయాల మీద ఏడో రెగ్యులేషన్ చేసింది. దాతల ఉద్దేశానికి విరుద్ధంగా, ధర్మాస్తుల రాబడిని వాటిని చేతిలో పెట్టుకున్నవాళ్ళు సొంతానికి వాడుకుంటున్నారన్నది ఆ శాసనం తన పీఠికలోనే చెప్పుకున్న కారణం. కైంకర్యం కోసం రాసిచ్చిన మాన్యాలు కైంకర్యపరుల చేతుల్లోనే కరిగిపోవడం అంత పాత సంగతి. అందువల్ల మాట చెడిపోయిందంటే ముందు మనుషులు చెడిపోయారన్నది నేను కాదనను. శఠగోపం, పంగనామాలు, గోవిందా, మంగళం పాడటం, ఇవన్నీ సన్నిధి గడప దాటి మోసానికీ నష్టానికీ పేర్లయిన మాటలే. శఠగోపం నమ్మాళ్వారుల పేరు; స్వామి పాదాలను మన తలకు తాకించే పాత్ర. దాన్ని 'పెట్టడం' అంటే మోసం చేయడమన్న అర్థం ఎలా వచ్చిందో విచారించడానికి ఇంకొక సాయంత్రం కావాలి.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. అది మీలో కొందరి ముఖాల్లో నాకు కనపడుతూనే ఉంది. వాడుకే ప్రమాణమని గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పోరాడి నిలిపిన తర్వాత, మళ్ళీ సంస్కృత వ్యుత్పత్తి పట్టుకుని తెలుగు మాటను కట్టడి చేయడమేమిటని. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టిన ఊరు ఇది. రాతలో గ్రాంథిక భాషే ఉండాలన్న జయంతి రామయ్య పంతులుగారి పక్షం ఎంత బలంగా నిలబడిందో ఈ ఊరికి తెలుసు, ఎందుకు నిలవలేకపోయిందో కూడా తెలుసు. నేను గిడుగువారి పక్షం. పతంజలి మహాభాష్యం మొదట్లోనే, కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి వెళ్ళి చేసిపెట్టమంటాడు గానీ, మాటలు కావలసినవాడు వైయాకరణి ఇంటికి వెళ్ళి చేసిపెట్టమనడని చెప్పాడు. మాటలు జనం సొత్తు. నాకు ఆ విషయంలో సందేహం లేదు.

అర్థం మారిన మాటలు తెలుగులో ఎన్నో ఉన్నాయి, వాటిని నేను రోజూ వాడుతున్నాను. భారతంలోని ఉద్యోగపర్వంలో ఎవరికీ కొలువు దొరకదు. అక్కడ ఉద్యోగమంటే ప్రయత్నం, యుద్ధ సన్నాహం. తర్కశాస్త్రంలో అనుమానమంటే పొగను చూసి నిప్పును ఊహించడం. మన ఇళ్ళలో శంక. సత్యాగ్రహంలోని ఆగ్రహం కోపం కాదు, పట్టుదల. ఈ మాటల్లో పాత అర్థం తెలుగు నోళ్ళలోంచి దాదాపుగా తప్పుకుంది; కొత్తది దాని గదిలో కాపురం పెట్టింది. ఎవరికీ నొప్పి లేదు. కైంకర్యం సంగతి అలాంటిది కాదు. పాత అర్థం తప్పుకోలేదు. తిరుమలలో, శ్రీరంగంలో, తిరువల్లికేణిలో ప్రతి ఉదయం ఆ పని జరుగుతూనే ఉంది. చేస్తున్నవాళ్ళు ఆ మాటతోనే తమ పనిని చెప్పుకుంటున్నారు. అందులో తెలుగు మాట్లాడేవాళ్ళు వేలమంది ఉన్నారు. గిడుగువారు వాడుకను ప్రమాణమన్నప్పుడు ఆ వాడుకలో వీళ్ళ నోళ్ళు కూడా చేరతాయి కదా. మాల కట్టే ఆ పెద్దాయన మాట వాడుక కాదా? ఒక పత్రికా కార్యాలయంలో రాత్రి పదకొండు గంటలకు నేను వాడితేనే వాడుకా?

రెండో నష్టం దొంగతనం వైపు నుంచి వస్తున్నది. దోచుకున్నాడు, కాజేశాడు, దిగమింగాడు, అపహరించాడు, నొక్కేశాడు అని తెలుగులో ఎన్ని స్పష్టమైన మాటలున్నాయి! 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్‌లో, అప్పగించిన సొమ్మును కాజేయడాన్ని నేరపూరిత నమ్మకద్రోహంగా పెట్టారు. నమ్మకద్రోహం అన్నప్పుడు నమ్మినవాడొకడు కళ్ళ ముందు నిలబడతాడు. పింఛను రాని ముసలమ్మ కనపడుతుంది. 'సొమ్ము కైంకర్యం' అన్నప్పుడు ఆమె కనపడదు. జరిగినదంతా ఏదో క్రతువులో భాగమైనట్టు మెత్తగా వినపడుతుంది. దొంగను దొంగ అనడానికి మొహమాటపడి, ఆ మొహమాటానికి గుళ్ళోంచి ఒక మాటను అరువు తెచ్చుకుంటున్నాం. నేను ఆ రాత్రి చేసింది సరిగ్గా అదే. నేరం రుజువు కాలేదు కనుక 'ఆరోపణ' అన్న మాట చేర్చి ఉంటే న్యాయంగానూ ఉండేది, తెలుగుగానూ ఉండేది.

గుళ్ళోనే జరుగుతున్న ఇంకొక దుర్వినియోగాన్ని కూడా చెప్పకపోతే నా మాట ఏకపక్షం అవుతుంది. ఒక ట్యూబులైటు ఇచ్చి, దాని వెలుతురు సగం కనపడకుండా 'ఫలానావారి కైంకర్యం' అని ఎర్రరంగుతో రాయించుకోవడం మీరూ చూశారు. ఇచ్చింది విరాళం. విరాళం మంచిదే, దానికి విరాళమన్న పేరు చాలు. సన్మానపత్రాల్లో రాసే సాహితీ కైంకర్యం సంగతి వేరు. సాహితికి చేసిన ఊడిగమని విడదీసుకుంటే అక్కడ 'ఎవరికి' అన్నదానికి జవాబు ఉంది కనుక నాకు అభ్యంతరం లేదు. అయితే అలా పిలిపించుకున్నవాడు ఆ భాషను ఒక్కసారైనా 'ఏమి చేయమంటావు?' అని అడిగి ఉండాలి.

ఆ పెద్దాయన దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళింది ఆ ఆదివారం. శీర్షిక తప్పని ఒప్పుకున్నాను. ఇకముందు ఆ మాట అలా రాయనన్నాను. ఆయన దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. అప్పటికి మాల సగమే అయింది, సన్నిధిలో వేళ దగ్గర పడుతున్నది, బుట్టలో తులసి ఇంకా చాలా ఉంది. నేను అరుగు కింద నిలబడి, 'నన్నేమైనా చేయమంటారా, స్వామీ?' అని అడిగాను. ఆయన తలెత్తకుండానే, చేతులు కడుక్కుని రమ్మన్నారు. వచ్చాక నారపోగు రెండో కొస నా చేతికిచ్చి, బిగువుగా పట్టుకో, వదలకు అన్నారు.